గార్డుగారి ఇంటి నుంచి చెప్పకుండా వచ్చాం

ఈమధ్య మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, వేరే వేరే చోట్ల నుంచి వేరే వేరే అలవాట్లతో వచ్చిన పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో నేర్పడానికి రెండు దినాలు క్లాసులు పెట్టారని చెప్పింది. ఎవరింట్లో చెప్పులు విప్పాలి, ఎవరితో చేయి కలపాలి, ఎవరి పండక్కి ఏమని పలకరించాలి, అన్నీ తెర మీద బొమ్మలు వేసి చూపించారట. చివర్లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు కూడా చేతికిచ్చారు. నాకు ముందు నవ్వొచ్చింది. "చావింటికి పోతే ఎట్టా తిరిగి రావాలో చెప్పినారా?" అని అడిగాను. "అవన్నీ ఎందుకు చెప్తారు అవ్వా" అని అది లోపలికి పోయింది. ఆ పూటంతా నాకు మనసు బాగాలేదు. గార్డుగారి అమ్మాయి గుర్తుకొచ్చింది.

డెబ్బైల నడిమి సంగతి ఇది. మాది తిరువళ్ళూరుకు పడమరగా ఒక చిన్న పల్లె. వరి, వేరుశెనగ, కాస్త చెరకు. ఎప్పుడో రాయల కాలంలో వచ్చి ఇక్కడ నిలిచిపోయామని మా తాత చెప్పేవాడు. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో ఆయనకూ తెలియదు. ఇంట్లో మాట్లాడింది తెలుగు, బళ్ళో చదివింది తమిళం. తెలుగు రాయడం నాకు పెళ్ళయి నగరి వైపు పోయాకే పట్టుబడింది. పైచదువుకు మద్రాసు పంపమంటే మా నాయన ఒప్పుకోలేదు. "పట్నం నీళ్ళు తాగితే ఆడపిల్లకు తలపొగరు వస్తాది. తిరుత్తణి అయితే పరవాలేదు, కొండ మీద సామి ఉండాడు" అన్నాడు. సామి రోజూ కొండ దిగివచ్చి కాలేజీ గేటు దగ్గర నాకు కాపలా కాస్తాడని ఆయన లెక్క కాబోలు.

అలా నేను బి.ఏ.లో చేరాను. పొద్దున్నే తిరువళ్ళూరు స్టేషన్లో తిరుపతి పాసింజరు ఎక్కడం, అరక్కోణం మీదుగా తిరుత్తణిలో దిగడం, సాయంత్రం మళ్ళీ అదే దారి. ఆడవాళ్ళ పెట్టెలో మొదటి వారమే ఆ పిల్ల కనిపించింది. మోకాళ్ళ కింది దాకా గౌను, మెడ దగ్గర కత్తిరించిన జుట్టు, ఒళ్ళో పుస్తకాలు. పెట్టెలో ఆడవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె మాత్రం కిటికీలోంచి బయటకు చూస్తోంది. ఆంగ్లో ఇండియన్ల అమ్మాయి. మా వైపు వాళ్ళను సట్టకారోళ్ళు అంటారు, చొక్కాలూ గౌనులూ వేసుకునేవాళ్ళని. ఆ మాటలో కొంచెం ఎగతాళి కూడా ఉంటుంది, లేదని నేను అబద్ధం చెప్పను.

వాళ్ళ నాన్న గూడ్సు బండ్ల గార్డు. గుండె నొప్పి వచ్చాక బండి ఎక్కే పని మాన్పించి, తిరువళ్ళూరు స్టేషన్లో పార్సెల్ ఆఫీసులో కూర్చోబెట్టారు. అయినా అందరికీ ఆయన గార్డుగారే. పుట్టిపెరిగింది గూడూరు రైల్వే కాలనీలో కాబట్టి నెల్లూరు తెలుగు గడగడా మాట్లాడేవాడు. తమిళమూ వచ్చు, హిందీ వచ్చు. ఆయన భార్య అందుకు పూర్తిగా వేరు. ఆమెకు ఇంగ్లీషు తప్ప ఉన్నదల్లా పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న అరకొర తమిళం. అందులో 'మీరు' అనే మాటే లేదు. మా తాతను కూడా 'నువ్వు' అనేసింది. రైల్వే క్వార్టర్సు దాటి ఆమె ఎక్కడా బతకలేదు. వాళ్ళకు ఒక్కతే కూతురు.

క్లాసులో మేమిద్దరమూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నా ఇంగ్లీషు ఆమెకు నవ్వు తెప్పించేది, ఆమె తమిళ అక్షరాలు నాకు నవ్వు తెప్పించేవి. ఒకరికొకరం నేర్పుకున్నాం. అయితే పాఠాల కంటే మిగతావి నేర్చుకోవడమే కష్టమైంది. ఒకరోజు తిరుగు రైల్లో ఆమె జామకాయ కొరికి, మిగతాది నా వైపు చాచింది. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. ఎంగిలి కదా! ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అరక్కోణం దాకా నాతో మాట్లాడలేదు. తనను అంటరానిదానిగా చూశానని అనుకుందట. మా అమ్మ కొరికింది కూడా నేను తిననని, ఇది కులం గొడవ కాదని, ఇంట్లో ఎవరిది వాళ్ళే తింటామని చెప్పడానికి నాకు మరుసటి దినం తిరుత్తణి దాకా పట్టింది. ఆ తర్వాత చిన్న చాకు పెట్టుకుని వచ్చేది. రెండో ఏడాది ఆ చాకు కూడా మానేశాం. ఇద్దరమూ ఒకే కాయ కొరుక్కుని తిన్నాం. ఇంట్లో చెప్పలేదంతే.

మొదటిసారి ఆమెను మా ఇంటికి తీసుకుపోయినప్పుడు మా అవ్వ ఎగాదిగా చూసి, "బిడ్డా, మీ నాయనకు జీతం చాలదా? కాళ్ళకు గుడ్డ తక్కువయిందే" అంది. ఆ పిల్ల సగమే అర్థం చేసుకుని గట్టిగా నవ్వింది. ఆ నవ్వుతోనే మా అవ్వ పడిపోయింది. మా అమ్మను ఆంటీ అంటే, "ఆంటీ ఏందే, నోరు తిరగదు నాకు. పెద్దమ్మా అను" అంది అమ్మ. ఆ రోజు నుంచి పెద్దమ్మే.

ఆమె బయల్దేరేటప్పుడు చూడాలి తమాషా. మేమయితే వాకిట్లో నిలబడి "పోయొస్తామే" అని ఒక్క కేక వేస్తే సరిపోతుంది. ఆ పిల్ల అలా కాదు. అవ్వ చేయి పట్టుకుని చెప్పేది. తాత దగ్గరకు పోయి చెప్పేది. పెరట్లో పాత్రలు తోమే మనిషికి చెప్పేది. అమ్మ పొలంలో ఉంటే గట్టు మీదకు పోయి మరీ చెప్పి వచ్చేది. "రైలు పోతాది తల్లీ, ఆ ఆవుకు గూడా చెప్పేసి కదులు" అని అమ్మ ఎగతాళి చేసింది. నేను అడిగితే ఆమె చెప్పింది, చెప్పకుండా పోతే ఆ మనిషిని మనిషిగా లెక్కపెట్టలేదని అర్థమట. వాళ్ళ మమ్మీ చిన్నప్పటి నుంచీ అలాగే నేర్పిందట.

రెండిళ్ళకూ నడుమ నిజమైన వారధి మాత్రం గార్డుగారే. క్రిస్మస్‌కు వాళ్ళావిడ స్వయంగా కేకు చేసి తెచ్చి మా అమ్మ చేతికిచ్చింది. మా అమ్మ దాన్ని తీసుకుపోయి అటక మీద పెట్టి వచ్చి, పొలం కబుర్లు మొదలుపెట్టింది. ఒక థ్యాంక్స్ లేదు, విప్పి చూసింది లేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది. గార్డుగారు పకపకా నవ్వి ఇంగ్లీషులో భార్యకు ఏదో చెప్పాడు. ఇంట్లోవాళ్ళకు థ్యాంక్స్ చెబితే పరాయివాళ్ళను చేసినట్టని, అందరి ముందు విప్పి చూస్తే ఆశపోతుతనమని చెప్పాడట. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, "అక్కయ్యా, మా ఆడమనిషికి మాట కావాల. తిండి లేకపోయినా ఉంటాది, మాట లేకపోతే ఉండలేదు. కేకు బాగుండాదని ఒక్క మాట అనేయండి" అన్నాడు. మా అమ్మ అటక వైపు చూసి, "శానా బాగుండాదమ్మా కేకు" అంది, నోట్లో వేసుకోకుండానే. అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వింది.

ఇటువైపు కూడా ఆయనే సర్దేవాడు. మేము వాళ్ళింటికి పోతే మాంసం వాసన లేకుండా, కొత్త ప్లేట్లలో అరటిపళ్ళూ బ్రెడ్డూ వెన్నా మాత్రమే పెట్టేవాళ్ళు. వాళ్ళు తినే పెద్దకూర, గొడ్డుమాంసం సంగతి మా అవ్వకు మనసులో ఉండేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయినా తెలుసు.

రెండో ఏడాది పరీక్షలయ్యే వేళకు ఒక చిక్కు వచ్చింది. ఆయన రిటైరు కావాల్సిన టైము దగ్గర పడింది. క్వార్టర్సు ఖాళీ చేయాలి. కన్నడ దేశంలో, హుబ్బళ్ళిలో ఆయన భార్య చెల్లెలూ మరిదీ ఉన్నారు, అక్కడ తక్కువ అద్దెకు ఇల్లు చూశారు. కానీ పిల్లకు ఇంకా ఒక ఏడాది చదువు మిగిలి ఉంది. వాళ్ళ వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. గార్డుగారికి అది ఎంత గొప్పో, పార్సెల్ ఆఫీసుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఒక ఆదివారం ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. గార్డుగారు తిన్నె మీద కూర్చుని, తల వంచుకుని, "ఒక ఏడాది మా పాప మీ ఇంట్లో ఉండొచ్చునా అన్నా?" అని మా నాయనను అడిగాడు. మా నాయనకు కోపమొచ్చింది. "అడగాల్సిన పనేముండాది గార్డుగారూ? మీ బిడ్డ మా బిడ్డ కాదా? ఇద్దరూ ఒక రైల్లో పోతారు, ఒక చట్టిలో తింటారు" అన్నాడు. మా అమ్మ అప్పుడే మంచం ఎక్కడ వేయాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను సంతోషం పట్టలేక ఆ పిల్ల చేయి గిల్లేశాను. వాళ్ళమ్మ మాత్రం లేచి, మంచం వేస్తామన్న చోటు చూసి వచ్చింది. చివరకు భర్త వైపు చూసి, "నువ్వు నెలకొకసారి వచ్చి చూసి, ఎలా ఉందో నాకు చెబితే, సరే" అంది. ఆయన ఆ మాట తెలుగులో మాకు చెప్పాడు.

ఎండాకాలం సెలవుల్లో గార్డుగారు చనిపోయాడు. పార్సెల్ ఆఫీసులో కూర్చుని టీ తాగుతూ, అలాగే పక్కకు ఒరిగిపోయాడట. పాలు పోయడానికి స్టేషన్ వైపు పోయిన మనిషి వచ్చి చెప్పాడు. మా అమ్మ చేతిలో చేట కింద పడేసి ఏడ్చింది. మా నాయన బండి కట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. రైల్వే గేటు దగ్గర అందరినీ పేరు పెట్టి పలకరించే మనిషి ఆయన.

వాళ్ళింట్లో హాల్లో ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె పెట్టారు. గోడల పక్కన కుర్చీలు వేశారు. చర్చివాళ్ళు మెల్లగా పాడుతున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు కళ్ళకు ఒత్తుకుంటున్నారు. మేము పోగానే ఆ నెమ్మది చెదిరిపోయింది. మా ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చోలేదు. నేల మీద కూలబడి, గుండెలు బాదుకుని, "గార్డన్నా, మమ్మల్ని వదిలి పోయినావా" అని గొంతెత్తి ఏడ్చారు. మా అమ్మ నేరుగా పోయి ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. ఆవిడ ముందు బిగుసుకుపోయింది. తర్వాత ఆమె కూడా మా అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను నా స్నేహితురాలి పక్కన కూర్చున్నాను. ఆమె నా చేయి వదల్లేదు. ఎవరో ట్రేలో టీ తెచ్చారు. మా వాళ్ళు ఒక్కరూ ముట్టుకోలేదు.

పెట్టె ఎత్తారు. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా సమాధుల తోటకు పోతారు. ఆ పిల్ల వాళ్ళమ్మను పట్టుకుని వ్యాను ఎక్కింది. ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి నా కోసం చూసింది. మా అమ్మ నా రెక్క పట్టుకుంది. "చెప్పగాకు. తిరిగి చూడగాకు. రా" అంది. మా ఆడవాళ్ళందరూ లేచి, తలలు వంచుకుని, ఒకరితో ఒకరు కూడా మాట్లాడకుండా బండెక్కారు. ఊరికి వచ్చి బావి దగ్గర తల మీద నీళ్ళు పోసుకున్నాకే ఇంట్లోకి పోయాం.

మా వైపు చావింట్లో "పోయొస్తా" అనకూడదు. ఆ మాట అంటే ఇలాంటి పనికే మళ్ళీ వస్తామని చెప్పినట్టవుతుంది. మంచినీళ్ళు కూడా తాగకూడదు. గడప దాటాక తిరిగి చూడకూడదు. చావు మనల్ని చూసి వెనక రాకూడదు, ఆ ఇంట్లో కూడా ఉండిపోకూడదు. పెళ్ళింట్లో వీడ్కోలు చెప్పకుండా వస్తే తప్పు, చావింట్లో చెప్పి వస్తే తప్పు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ళ కొంగు పట్టుకుని చూసి నేర్చుకున్నదే. మా నాయనా, ఊళ్ళో మగవాళ్ళూ సమాధుల తోట దాకా పోయారు. అక్కడ మట్టి వేశాక ఆ తల్లీ కూతుళ్ళు గేటు దగ్గర నిలబడితే, వచ్చినవాళ్ళందరూ వరుసగా వాళ్ళ చేతులు పట్టుకుని ఒక మాట చెప్పి కదిలారట. మా నాయన గోడ వారగా, కళ్ళు తుడుచుకుంటూ, వాళ్ళను దాటి వచ్చేశాడు. ఆయనకు తెలిసిన మర్యాద అదే.

మూడో దినం పోదామని అమ్మ అనుకుంది. అది శుక్రవారం పడింది. శుక్రవారం, మంగళవారం చావు పలకరింపుకు పోరు. తర్వాత మా అవ్వకు జ్వరం. "ఏం పరవాలేదు, మంచి దినం చూసుకోని పోదాం, వాళ్ళు మనోళ్ళే గదా" అంది అమ్మ. మనవాళ్ళని అనుకున్నందుకే అంత నిదానంగా ఉంది. పరాయివాళ్ళయితే ఆ రోజే టీ తాగి, నాలుగు మాటలు చెప్పి వచ్చేదేమో. ఈలోగా కాలేజీ తెరిచారు. పాసింజరులో ఆ పిల్ల రాలేదు. రెండో రోజూ రాలేదు. నాకు భయం పట్టుకుని, ఇక ఆగనని అమ్మను లాక్కుని వాళ్ళింటికి పోయాను.

ఆవిడ తలుపు తీసి గడపలోనే నిలబడింది. నల్ల గౌను. రమ్మనలేదు. వెనకాల గదిలో పెట్టెలూ పరుపులూ కట్టి పెట్టి ఉన్నాయి. ఆ పిల్ల వచ్చి వాళ్ళమ్మ పక్కన నిలబడింది. నన్ను చూసి తల దించుకుంది.

"ఆ దినం ఎందుకు అట్లా పోయినావు?" అని ఆవిడ మా అమ్మను అడిగింది, తన అరకొర తమిళంలో. "నీ ఏడుపే అందరి కంటే గట్టిగా వినబడింది. నిన్ను పట్టుకునే నేను నిలబడినాను. తిరిగి వచ్చి చూస్తే ఒక్కరూ లేరు. నేను అందరికీ టీ పెట్టించినాను. మీ ఊరివాళ్ళు ఒక్కరూ తాగలేదు. నీ మొగుడు నన్ను దాటుకుని పోయినాడు, నా ముఖం చూడలేదు. నేను ఏం తప్పు చేసినాను?"

మా అమ్మ బిత్తరపోయింది. "అయ్యో తల్లీ, తప్పు నీదేముందమ్మా!" అని గబగబా తెలుగులోనూ తమిళంలోనూ కలిపి చెప్పింది. "చావింట్లో మేము పచ్చి నీళ్ళు గూడా తాగం. చెప్పి పోగూడదు. చెబితే మళ్ళీ ఇట్టాంటి దానికే వస్తామని కదా? ఈ కొంపకు ఇంగ ఏ కీడూ రాగూడదనే గమ్మున పోయినాము. దేవుడి తోడు, నీ మింద కోపంతో కాదు."

ఆవిడకు సగం కూడా అర్థం కాలేదని ముఖం చూస్తే తెలిసింది. అప్పుడు ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. నేను చెప్పగలిగిన దాని కంటే బాగా చెప్పింది. పెద్దమ్మావాళ్ళు టీ ముట్టకపోవడం అవమానం కాదని, మన దుఃఖంలోంచి ఏమీ తీసుకోకూడదని అలా చేస్తారని చెప్పింది. మాట చెప్పకుండా పోవడం మనం మళ్ళీ ఏడవకూడదని కోరుకోవడమేనని చెప్పింది. ఆ సంగతి ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్ళు మా ఇంట్లో తిరిగి తనే పట్టుకుంది. మరి ముందే వాళ్ళమ్మకు ఎందుకు చెప్పలేదంటే, చెప్పిందట. కూతురు స్నేహం కోసం సర్దిచెబుతోందని ఆవిడ అనుకుందట. మా అమ్మ నోటి నుంచి విన్నాకే నమ్మింది.

ఆవిడ ఏడ్చింది. గడప దిగి వచ్చి మా అమ్మ చేతులు పట్టుకుంది. ఇక అంతా సర్దుకున్నట్టే అని నేను అనుకున్నాను. పిల్ల మంచం ఎక్కడ వేయాలో కూడా నా బుర్రలో తిరిగింది.

"నమ్ముతాను. నువ్వు మంచిదానివి" అంది ఆవిడ. "అయినా నా కూతుర్ని ఇక్కడ వదలను."

"ఎందుకమ్మా? ఇప్పుడు తెలిసింది గదా?" అంది అమ్మ.

"ఇది తెలిసింది. రేపు ఇంకొకటి వస్తుంది. ఇన్నేళ్ళూ మనుషులు ఏం చేసినా, అది కోపమో ప్రేమో ఆయన చెబితేనే నాకు తెలిసేది. ఆ దినం మట్టి వేసి ఇంటికి వచ్చినాను. కుర్చీలన్నీ ఖాళీ. ఇదేమిటి, వీళ్ళు ఎందుకు పోయినారని ఆయన్ని అడుగుదామని పక్కకు తిరిగినాను."

మా అమ్మ తన కొంగుతో ఆవిడ కళ్ళు తుడిచింది.

ఆ పిల్ల నన్ను క్వార్టర్స్ చివర వేపచెట్టు దాకా తీసుకుపోయింది. నాకు అప్పటికి దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది. "ఒక్క ఏడాది! ఒక్క ఏడాది ఆగలేదా మీ అమ్మ? నువ్వు గట్టిగా అడుగు. ఏడువు. అన్నం మానుకో" అన్నాను. నాకు తెలిసిన ఉపాయాలు అవే.

"అడిగితే ఒప్పుకుంటాది" అంది ఆమె. రెండేళ్ళలో ఆమెకు మా తెలుగు వచ్చేసింది. "నేనే అడగలే."

"ఎందుకే?"

"హుబ్బళ్ళిలో భాష వేరే. మా ఆంటీకీ ఇంగ్లీషు తప్ప రాదు. ఆడ పక్కింటామె ఒకనాడు పలకకుండా పోయిందనుకో. పని ఉండి పోయిందో, కోపంతో పోయిందో మమ్మీకి ఎవరు చెప్తారు? పింఛను ఆఫీసులో ఒకాయన కసిరితే, ఆయన అందర్నీ కసురుతాడని ఎవరు చెప్తారు? డాడీ చెప్పేవాడు. ఇంగ నేనే చెప్పాల."

"నీకు మాత్రం ఆ ఊరు తెలుసునా?"

"తెలీదు. నేర్చుకుంటా. మీ ఇల్లు నేర్చుకోలేదా?"

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఆ వయసుకే ఆ పిల్ల ఆ ఇంటికి పెద్దదిక్కు అయిపోయింది, నేను ఇంకా మా అమ్మ కొంగు వెనకాలే ఉన్నాను.

తర్వాత వాళ్ళు సామాను గూడ్సులో వేసి హుబ్బళ్ళి పోయారు. నేను స్టేషన్‌కు పోయాను. ఏం మాట్లాడుకున్నామో సరిగ్గా గుర్తులేదు. ఆవిడ నన్ను దగ్గరకు తీసుకుని బుగ్గ మీద ముద్దు పెట్టిందని మాత్రం గుర్తుంది. ఆమెను నేను చాలా ఏళ్ళు క్షమించలేదు. మా అమ్మను కూడా సతాయించాను. "నువ్వు ఒక్క మాట చెప్పి వచ్చింటే నీ సొమ్మేం పోయేది?" అని ఏదో ఒక సాకుతో గుచ్చేదాన్ని. మా అమ్మ ఓర్చుకుని, ఓర్చుకుని ఒకరోజు, "చెప్పి వచ్చినాక ఆ తల్లికి ఏదన్నా అయ్యింటే? అప్పుడు నేను ఎట్టా బతకాల?" అంది. ఇంక నేను ఆ మాట ఎత్తలేదు. మా అమ్మ చేసింది తప్పని ఈ రోజుకీ అనలేను. గార్డుగారి భార్య భయం తప్పని కూడా అనలేను. ఇద్దరూ ప్రేమతోనే చేశారు, నా స్నేహితురాలు మాత్రం నడుమ నలిగిపోయింది.

మూడో ఏడాది పాసింజరులో ఒంటరిగానే పోయాను. క్లాసులో మా బెంచీ మీదకు ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంది. మంచి పిల్లే. నేనే సరిగా మాట్లాడేదాన్ని కాదు. చాలా కాలానికి, నా పెళ్ళయ్యాక, తిరువళ్ళూరు స్టేషన్లో గార్డుగారితో పనిచేసినాయన ఒకరు కనిపించి కబురు చెప్పాడు. తండ్రి పోయిన కారణంగా ఆ పిల్లకు హుబ్బళ్ళి రైల్వే ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చారట. చదువు మళ్ళీ ఎత్తుకోలేదట. కన్నడం ఇంటి మనిషిలా మాట్లాడుతుందట. వీధిలో ఎవరింట్లో తగాదా వచ్చినా, ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి ఆమెనే పిలుస్తారట. వాళ్ళమ్మకు మాత్రం ఒక్క కన్నడ ముక్క రాలేదట, వాకిట్లో ఎవరు నవ్వినా, ఎవరు ముఖం తిప్పుకున్నా, కూతురు ఆఫీసు నుంచి వచ్చేదాకా కాచుకుని కూర్చుని ఎందుకని అడుగుతుందట.

మా ఇద్దరిలో రెండిళ్ళలో మెలగడం నేర్చుకున్నది ఆ పిల్ల. నాకు మా ఇల్లొక్కటే తెలుసు. డిగ్రీ మాత్రం నాకిచ్చారు.